కుక్కపిల్లకు పుట్టుకతోనే మెదడులో లోపం ఉందని అనుమానం: ఎంఆర్ఐ తీయించడం వల్ల ఏమి తేలుతుంది?

ప్రశ్న: కావలి నుండి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మాది కావలి. మా ఇంట్లో ఐదు నెలల టాయ్ పొమరేనియన్ ఆడపిల్ల ఉంది. దాని పేరు చిన్నూ. చెన్నైలో ఒక అమ్మకందారు దగ్గర కొన్నాము. తెచ్చిన రోజు నుండీ దాని నెత్తి గుండ్రంగా, ఉబ్బెత్తుగానే ఉంది. నడినెత్తి మీద వేలు పెట్టి చూస్తే చింతగింజంత మేర ఎముక తగలదు, చర్మం కింద మెత్తగా ఉంటుంది. రెండు కళ్ళూ కొంచెం కిందికీ, బయటి వైపుకీ తిరిగి ఉండి, నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు ఎక్కువగా కనిపిస్తుంది. ఈ వయసుకు పేరు పెట్టి పిలిస్తే రావడం, ఒకే చోట మూత్రం పోయడం లాంటివి అలవాటవుతాయని అందరూ అంటారు గానీ, దీనికి ఎంత ఓపికగా నేర్పినా ఒంటబట్టడం లేదు. కొన్నాళ్ళుగా ఎడమ వైపుకే గుండ్రంగా తిరుగుతోంది. తిరిగి తిరిగి తలుపు వెనక మూలకు వెళ్ళి, గోడకు నుదురు ఆనించి, పిలిచినా కదలకుండా నిలబడిపోతోంది. పోయిన వారం మొదటిసారి ఫిట్స్ వచ్చాయి.

ఇక్కడి డాక్టరు గారు శ్రద్ధగా చూశారు. పుట్టుకతోనే మెదడులో నీరు ఎక్కువగా ఉండి ఉండవచ్చని, ఎంఆర్ఐ తీస్తే గానీ కచ్చితంగా చెప్పలేమని అన్నారు. నెల్లూరులో మనుషులకు తీసే ఒక సెంటరును అడిగితే జంతువులకు తీయమన్నారు. చెన్నైకి తీసుకువెళ్ళాలంటే ఖర్చు, ప్రయాణం, పూర్తి మత్తు, అన్నీ ఉన్నాయి. మా వారు, తెలుసుకున్నాక మనం చేయగలిగేది ఏమిటి అని అడుగుతున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎంఆర్ఐలో నిజంగా ఏమి కనిపిస్తుంది, అంతకన్నా తక్కువలో తేలే మార్గం ఉందా, తేలాక చికిత్స ఏమైనా మారుతుందా అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: ఒంగోలు పశువైద్యుడు

అమ్మా, మీరు లక్షణాలను చాలా స్పష్టంగా రాశారు, అందువల్ల జవాబు చెప్పడం సులువైంది. ఉబ్బిన నెత్తి, పూడని మాడు, కిందికీ బయటికీ తిరిగిన కళ్ళు, నేర్చుకోలేకపోవడం, ఒకే వైపు తిరగడం, ఈ ఐదూ కలిసి ఒక చిన్నజాతి పిల్లలో కనిపిస్తే మొదట అనుమానించవలసింది పుట్టుకతో వచ్చే హైడ్రోసెఫలస్‌నే, అంటే మెదడులో నీరు ఎక్కువగా చేరడాన్నే. చిహువాహువా, మాల్టీస్, యార్క్‌షైర్ టెర్రియర్, పొమరేనియన్, పగ్ వంటి జాతుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీ డాక్టరు గారి ఆలోచన సరైన దారిలోనే ఉంది.

అయితే స్కాన్ గురించి ఆలోచించే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇదే లక్షణాలను, ముఖ్యంగా ఫిట్స్‌నూ, గోడకు తల ఆనించడాన్నీ, మెదడు నిర్మాణంతో సంబంధం లేని జబ్బులు కూడా తెస్తాయి. వాటిలో కొన్ని ఎంఆర్ఐ లేకుండానే రక్తపరీక్షలో తేలుతాయి. మొదటిది చక్కెర పడిపోవడం. ఇంత చిన్న ఒళ్ళున్న పిల్లకు ఒక పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. రెండవది లివర్ షంట్. పేగుల నుండి వచ్చే రక్తం కాలేయంలోకి వెళ్ళి శుద్ధి కాకుండా పక్కదారిన నేరుగా గుండెకు చేరడం వల్ల అమ్మోనియా మెదడుకు ఎక్కుతుంది. ఇది కూడా పుట్టుకతో వచ్చేదే, చిన్నజాతుల్లోనే ఎక్కువ. తిన్న తరువాత ఒకటి రెండు గంటలకు పిల్ల మరింత మందకొడిగా మారుతోందా, చొల్లు కారుస్తోందా అన్నది గమనించండి. పరగడుపునా, తిన్న రెండు గంటలకూ రక్తం తీసి బైల్ ఆమ్లాలు (కాలేయం తయారుచేసే పైత్యరసంలోని ఆమ్లాలు) చూస్తే ఈ అనుమానం తీరుతుంది. పరగడుపు అన్నాము కదా అని ఇంత చిన్న పిల్లను రాత్రంతా పస్తు ఉంచకూడదు, ఎన్ని గంటలన్నది మీ డాక్టరు గారే చెప్పాలి.

మూడవది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు. మన ప్రాంతంలో దీన్ని మరచిపోవడానికి వీల్లేదు. అమ్మకందారు ఇచ్చిన టీకా కార్డును ఒకసారి తీసి చూడండి. పిల్లకు పదహారు వారాల వయసు నిండే దాకా రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి టీకా పడి ఉండాలి. ఒక్క సూదితో సరిపెట్టి అమ్మేసిన పిల్లలను మేము తరచుగా చూస్తుంటాము. కళ్ళలో పుసి, ముక్కు కారడం, దగ్గు, అరికాళ్ళు గట్టిపడటం, నిద్రలో కూడా ఆగకుండా ఒక కాలో దవడో అదురుతూ ఉండటం, వీటిలో ఏది ఉన్నా చెప్పండి. హైడ్రోసెఫలస్‌కు మొదట వాడే మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. లోపల వైరస్ ఉండగా ఆ మందు వేస్తే శరీరానికి ఉన్న కాస్త రక్షణా తగ్గిపోతుంది. కాబట్టి ఈ వరుస తప్పకూడదు.

ఇక మీకు దగ్గరలోనే దొరికే సాధనం ఒకటి ఉంది. మాడు పూడకపోవడం లోపమే అయినా, పరీక్షకు మాత్రం అది తెరిచి ఉన్న కిటికీ. ఎముక అడ్డం లేదు కాబట్టి మామూలు అల్ట్రాసౌండ్ ప్రోబును ఆ మెత్తని చోట జెల్ రాసి ఆనిస్తే మెదడులోని పక్క గదులు, అంటే ద్రవం నిండి ఉండే ఖాళీలు, తెర మీద నల్లగా కనిపిస్తాయి. వాటి వెడల్పును కొలవవచ్చు, రెండు వైపులా సమానంగా ఉన్నాయా అని చూడవచ్చు. మత్తు అక్కర్లేదు. పిల్లను ఒడిలో పట్టుకుంటే చాలు, నిమిషాల్లో అయిపోతుంది. పసిపిల్లల మాడు మీద పెట్టే చిన్న ప్రోబు ఉన్నచోట ఇంకా బాగా వస్తుంది. దీనికి ఉన్న పరిమితి ఏమిటంటే, ఆ కిటికీ కింద ఉన్నదే తెలుస్తుంది. చిన్నమెదడు, మెదడు కాండం ఉన్న వెనక భాగం సరిగా అందదు, నీరు ఎక్కడ ఆగిందో తెలియదు.

ఒక పక్క మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎక్కువగా చూసింది గొర్రెలను, పశువులను. పుట్టిన గొర్రెపిల్ల పొదుగు వెతుక్కోలేక, తల ఎత్తి ఊరికే నిలబడిపోతే కాపరులు దాన్ని మందలోంచి తీసేసేవారు. తల్లి కడుపులో ఉండగా నీలి నాలుక వైరస్‌లోని కొన్ని రకాలు సోకితే పిల్ల మెదడు ఏర్పడవలసిన చోట నీటి సంచి మిగిలిపోతుందని పుస్తకంలో చదివాను. అలాంటి ఒక పిల్ల పుర్రె తెరిచినప్పుడు కళ్ళారా చూశాను. ఆ రోజుల్లో మెదడు లోపం ఏమిటో తెలియాలంటే జీవి చనిపోవలసిందే. బతికి ఉన్న పిల్ల మెదడును చూసి మందు నిర్ణయించగలగడం ఎంత పెద్ద విషయమో నాకు అందుకే తెలుసు. ఎంఆర్ఐ వద్దని నేను అనడం లేదు. దాన్ని ఏ ప్రశ్న కోసం తీయిస్తున్నారో ముందు తేల్చుకోండి అంటున్నాను.

జవాబు: కందుకూరు పాఠకుడు

నేను డాక్టరును కాను. బెంగళూరులో ఉన్న మా తమ్ముడి ఇంట్లో జరిగింది చెబుతాను. వాళ్ళది మినియేచర్ ష్నాజర్. చిన్నప్పటి నుండి నీళ్ళ గిన్నె ముందు పెట్టినా తాగేది కాదు. మొండితనం అనుకున్నారు. తరువాత వణుకు, తూలడం, ఫిట్స్ మొదలయ్యాయి. అక్కడి డాక్టరు రక్తపరీక్ష చేస్తే సోడియం చాలా ఎక్కువగా ఉంది. దాహం వేసే వ్యవస్థ మెదడులోనే సరిగా ఏర్పడలేదేమోనని ఎంఆర్ఐ తీయించారు, అనుమానం నిజమైంది. మెదడు ముందు భాగం రెండు అర్ధభాగాలుగా పూర్తిగా విడిపోలేదట. ఆపరేషన్ ఏమీ చేయలేదు. రోజుకు ఎంత నీరు కావాలో లెక్కగట్టి అన్నంలో కలిపి పెట్టమన్నారు. ఇప్పటికీ అలాగే పెడుతున్నారు, కుక్క బాగానే ఉంది. కావలి అమ్మగారు, మీ చిన్నూ నీళ్ళు తానుగా తాగుతోందా లేదా అన్నది కూడా ఒకసారి గమనించి మీ డాక్టరుకు చెప్పండి.

జవాబు: వెటర్నరీ రేడియాలజీ విద్యార్థిని, సొంత ఊరు నెల్లూరు

పై ఇద్దరూ ముఖ్యమైనవి చెప్పారు. ష్నాజర్ విషయం ఎంతో విలువైనది. మెదడు ముందు భాగం విడిపోకపోవడం, రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కాలోజమ్ సరిగా ఏర్పడకపోవడం ఉన్న కుక్కల్లో దాహం లేకపోవడం, సోడియం పెరగడం బాగా నమోదైన విషయమే. మినియేచర్ ష్నాజర్లలోనూ, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్లలోనూ అది ఎక్కువగా కనిపించింది. దాహాన్ని పసిగట్టే కణాలు ఆ మధ్యరేఖ దగ్గరే ఉండటం దీనికి కారణం. ఒక సాధారణ రక్తపరీక్ష మెదడు నిర్మాణం వైపు వేలు చూపించడం, ఆ మాటను ఎంఆర్ఐ ఖాయం చేయడం, చివరికి చికిత్స అన్నంలో నీళ్ళు కలపడంగా తేలడం, ఇమేజింగ్ ఎలా ఉపయోగపడాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక ఎంఆర్ఐలో ఏమి కనిపిస్తుందన్న మీ ప్రశ్నకు వస్తాను. శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ నుండి వచ్చే సంకేతాలతో ఈ చిత్రం తయారవుతుంది. అందుకే ఎముక చాటున ఉన్న మెత్తని కణజాలాన్ని దీని అంత బాగా మరేదీ చూపించదు. టీ2 అనే చిత్రంలో మెదడు ద్రవం తెల్లగా మెరుస్తుంది. ఫ్లెయిర్ అనే మరో చిత్రంలో గదుల్లో స్వేచ్ఛగా ఉన్న ద్రవాన్ని నల్లగా అణచివేస్తారు. అప్పుడు గది గోడల నుండి మెదడు కణజాలంలోకి నీరు ఊరి ఉంటే, ఆ ఊట మాత్రమే తెల్లని అంచుగా బయటపడుతుంది. ఆ తెల్లని అంచు ఉందా లేదా అన్నది మీ చిన్నూ విషయంలో చాలా పెద్ద ప్రశ్న.

ఎందుకంటే, గదులు పెద్దగా ఉండటం ఒక్కటే జబ్బు కాదు. ఈ విషయాన్ని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పొట్టి ముఖం ఉన్న జాతుల్లో, టాయ్ అనే అతి చిన్న జాతుల్లో ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతమైన కుక్కలకు కూడా గదులు పెద్దగా, రెండు వైపులా అసమానంగా ఉండటం మామూలే. పూడని మాడు కూడా అంతే. చిహువాహువాల్లో జీవితాంతం మాడు పూడకుండానే హాయిగా బతికేవి ఉన్నాయి. తల స్కాన్ చేసి గదులు పెద్దవని రిపోర్టులో రాసినంత మాత్రాన ఫిట్స్‌కు కారణం అదేనని తీర్మానించడం శాస్త్రం కాదు. స్కానుకు వచ్చేవి చాలావరకు జబ్బుపడిన కుక్కలే కాబట్టి, లక్షణాలు లేకుండా పెద్ద గదులతో తిరిగే కుక్కలు మన లెక్కల్లోకి రావడం లేదు. ఆ లోటు వల్లనే చాలాకాలం కేవలం పరిమాణం చూసి జబ్బు అని రాసేశారు.

అందుకే పరిశోధకులు గదుల్లో ఒత్తిడి నిజంగా పెరిగిందా అని సూచించే గుర్తుల కోసం వెతికారు. ఒకే చిత్రంలో పక్క గదుల మొత్తం వెడల్పును మెదడు వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.6 దాటడం వాటిలో ఒకటి. కార్పస్ కాలోజమ్ పైకి వంగి ఉండటం, మెదడు లోతున రెండు వైపులా ఉండే థాలమస్ అనే భాగాలను కలిపే గుండ్రని ముద్ద పైనుండి కిందికి నొక్కుకుపోయి పలచబడటం, మెదడు ఉపరితలం మీది మడతల మధ్య సందులు మూసుకుపోవడం, నేను ముందు చెప్పిన తెల్లని అంచు, ఇవన్నీ కలిసి కనిపించినప్పుడు లక్షణాలకు కారణం ఈ నీరేనని ధైర్యంగా చెప్పవచ్చు. వీటిలో మాడు మీది అల్ట్రాసౌండ్‌కు అందేది నిష్పత్తి వరకే.

నీరు ఎక్కడ ఆగిందన్నది మరో ప్రశ్న. మెదడులోని మూడవ గది నుండి నాలుగవ గదికి వెళ్ళే సన్నని కాలువ ఇరుకుగా ఉంటే దానికి పైన ఉన్న గదులన్నీ ఉబ్బి, నాలుగవ గది మామూలుగా ఉంటుంది. నాలుగవ గది కూడా పెద్దదై, చిన్నమెదడు నడిమి భాగం లేకపోతే అది వేరే లోపం. యురేసియర్ జాతిలో ఇదే జరిగింది. పుట్టినప్పటి నుండి తూలుతూ నడిచే, కానీ వయసుతో ముదరని లక్షణాలున్న పిల్లలకు ఎంఆర్ఐ తీస్తే చిన్నమెదడు వెనక భాగం ఏర్పడలేదని తేలింది. ఒకే రకం చిత్రం ఉన్న పిల్లలన్నిటినీ ఒక గుంపుగా చేర్చి జన్యువులను చూస్తే, వీఎల్‌డీఎల్ఆర్ అనే జన్యువులో ఒక్క అక్షరం ఎగిరిపోయిందని 2015లో ప్రచురించారు. తల్లిదండ్రులిద్దరి నుండీ ఆ లోపం అందితేనే పిల్లకు జబ్బు వస్తుంది. తూలే కుక్కలన్నిటినీ ఒకే గాటన కట్టి ఉంటే ఆ జన్యువు దొరికేది కాదు. చిత్రం వాటిని విడదీసింది.

సీటీ స్కాన్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. అది చాలా వేగంగా అయిపోతుంది, ఎముకను బాగా చూపిస్తుంది, గదుల పరిమాణాన్ని కూడా చూపిస్తుంది. అయితే కుక్కల్లో చెవి వెనక ఎముకలు దట్టంగా ఉండటం వల్ల చిన్నమెదడు, మెదడు కాండం మీద చారలు పడి వివరం పోతుంది. గది గోడల్లోని ఊట కూడా ఎంఆర్ఐలో తెలిసినంతగా తెలియదు.

ప్రశ్న వేసినవారి మాట: కావలి నుండి

మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుసలోనే వెళ్ళాము. చక్కెర, సోడియం మామూలుగా ఉన్నాయి. నీళ్ళు తానుగానే తాగుతోంది. రెండు పూటల బైల్ ఆమ్లాలూ మామూలుగానే వచ్చాయి. టీకాలు పూర్తిగా పడ్డాయి, డిస్టెంపర్ లక్షణాలు ఏవీ లేవని డాక్టరు గారు చెప్పారు. మాడు మీద అల్ట్రాసౌండ్ చేస్తే రెండు పక్క గదులూ బాగా ఉబ్బి ఉన్నాయి, ఎడమది ఎక్కువ, మెదడు పొర పలచగా ఉంది అన్నారు. ఫిట్స్‌కు మందు మొదలుపెట్టారు. ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఇంత తెలిశాక కూడా ఎంఆర్ఐకి వెళ్ళాలా? మత్తు తట్టుకుంటుందా అన్న భయం నన్ను వదలడం లేదు.

జవాబు: ఒంగోలు పశువైద్యుడు

అమ్మా, మీరు చేసిన పని వల్ల ప్రశ్న ఇప్పుడు చాలా చిన్నదైంది. రక్తపరీక్షలు మామూలుగా ఉండి, ఇన్ని లక్షణాలు ఉండి, గదులు ఇంతగా ఉబ్బి ఉంటే, మందులతో వైద్యం మొదలుపెట్టడానికి ఎంఆర్ఐ కోసం ఆగవలసిన అవసరం లేదు. ప్రెడ్నిసొలోన్ ద్రవం ఊరడాన్ని తగ్గిస్తుంది. డాక్టరు గారు చెప్పిన మోతాదులో మొదలుపెట్టి, మార్పు చూసుకుంటూ మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ కూడా రాసేవారున్నారు గానీ, ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు నోటి ద్వారా ఇచ్చి చూసినప్పుడు ద్రవం ఉత్పత్తి తగ్గలేదు, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఫిట్స్ మందును మాత్రం ఏ కారణం చేతనూ మీ అంతట మీరు ఆపకండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా రాత్రి అయినా సరే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మెడకు కట్టే పట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. మెడలోని సిరల మీద ఒత్తిడి పడితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. రక్తం తీసేటప్పుడు కూడా కాలి నుండి తీయమని గుర్తు చేయండి.

ఎంఆర్ఐ రెండు సందర్భాల్లో తప్పనిసరి అవుతుంది. మందులతో మెరుగు కనిపించకపోయినా, మందు తగ్గించగానే లక్షణాలు తిరగబెట్టినా ఆపరేషన్ ఆలోచన వస్తుంది. మెదడు గదిలోంచి చర్మం కిందుగా పొట్టలోకి ఒక సన్నని గొట్టం వేసి ఎక్కువైన ద్రవాన్ని అక్కడికి మళ్ళిస్తారు. అది చేయాలంటే నీరు ఆగిన చోటు, మెదడు పొర మందం, వెనక భాగంలో మరో లోపం ఉందా లేదా అన్నవి తెలియకుండా ఏ సర్జనూ కత్తి పట్టడు, పట్టకూడదు. ఆ గొట్టం మూసుకుపోవడం, చీము పట్టడం, ద్రవం మరీ ఎక్కువగా కారిపోవడం వంటి ఇబ్బందులు సుమారు ఐదింట ఒక కుక్కకు వస్తాయి. ఇది తెలిసి కూడా మీరు ఆపరేషన్‌కు సిద్ధమైతేనే ఎంఆర్ఐకి వెళ్ళండి. రెండవ సందర్భం, కొత్తగా తూలడం, తల ఒక పక్కకు వాలిపోవడం వంటి, ఈ గదులతో పొసగని లక్షణం ఏదైనా కనిపించడం.

మీ వారు అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది. ఆపరేషన్ చేయించే ఉద్దేశం ఏ పరిస్థితిలోనూ లేకపోతే, ఈ పిల్ల వరకు ఎంఆర్ఐ వల్ల ఇవాళ వేసే మందు మారదు. అది చేయించలేదని మీరు మనసు కష్టపెట్టుకోవలసిన పని లేదు.

మత్తు విషయానికి వస్తే, కుక్క కదలకుండా ఉండాలి కాబట్టి ఎంఆర్ఐకి పూర్తి మత్తు తప్పదు. ఇలాంటి పిల్లలో అసలు ప్రమాదం, శ్వాస నెమ్మదించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పై తలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందువల్ల గొంతులో గొట్టం వేసి శ్వాసను తామే నడిపిస్తూ, బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తూ మత్తు ఇచ్చే చోటుకే వెళ్ళండి. ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క మాట అడగండి. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం లేదంటే అక్కడ చేయించవద్దు. వాంతి తెప్పించే మత్తుమందులు దీనికి వాడరాదన్నది అక్కడివారికి తెలిసే ఉంటుంది, అయినా మిమ్మల్ని అక్కడికి పంపే డాక్టరు ఇచ్చే ఉత్తరంలో రాయించండి. మైక్రోచిప్ వేయించి ఉంటే ముందే చెప్పండి. దానితో ప్రమాదం లేదు గానీ దాని చుట్టూ చిత్రం చెదురుతుంది. తిరుపతి వెటర్నరీ కళాశాల ఆస్పత్రిలో ముందు ఒకసారి చూపించి, వారి నుండి ఉత్తరం తీసుకుని చెన్నైకి వెళితే మీకు దారి సులువవుతుంది.

చిన్నూను ఎప్పుడూ జత కట్టించి పిల్లలు పెట్టనివ్వవద్దు. దీని తల్లికీ తండ్రికీ మళ్ళీ జత కలపవద్దని ఆ అమ్మకందారుకు రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్ళు వింటారా లేదా అన్నది తరువాత సంగతి, తెలియదనే మాట మాత్రం వాళ్ళకు ఉండకూడదు. ఎంఆర్ఐ తీయించిన పక్షంలో అచ్చు వేసిన ఫిల్ములతో సరిపెట్టుకోకుండా మొత్తం చిత్రాలను సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. ఫిల్ము మీద ఉండేవి ఎంపిక చేసిన కొన్ని ముక్కలే, రేపు మరో డాక్టరు కొలతలు తీసుకోవాలంటే అసలు ఫైళ్ళే కావాలి.